మండువా ఇల్లు, గుడి శాసనం, పాటిదిబ్బ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాత కట్టడాలని కాపాడే చట్టాల గురించి ప్రశ్నలు పంపమని పోయిన నెల అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ గోదావరి జిల్లాలవే, అందులోనూ కోనసీమవి మరీ ఎక్కువ. 2027లో పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి రేవులకీ గుళ్ళకీ బాగుచేతలు మొదలయ్యే కాలం ఇదే. ఆ హడావుడిలో ఏం పోతాయో అన్న బెంగ చాలా ఉత్తరాల్లో కనిపించింది. ఆ బెంగ మాకూ ఉంది. అందుకే ఈసారి పేజీ మొత్తం ఈ విషయానికే ఇచ్చాం.

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి, నూరేళ్ళు దాటింది. అన్నదమ్ములం ముగ్గురం, ఇంకా పంపకాలు కాలేదు. తమ్ముళ్ళు పడగొట్టి స్థలం పంచుకుందామంటున్నారు. స్తంభాలూ గుమ్మాలూ కొంటామని హైదరాబాదు నుంచి బేరగాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు. నాకు మనసొప్పడం లేదు. పురావస్తు శాఖకి రాస్తే గవర్నమెంటు ఇల్లు లాగేసుకుంటుందని ఊళ్ళో భయపెడుతున్నారు. నిజమేనా? – రిటైర్డ్ టీచరు, కోనసీమ జిల్లా

జవాబు: లాగేసుకోదండీ. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

మన రాష్ట్రంలో దీనికి ఉన్న అసలు చట్టం 1960 నాటిది. పూర్తి పేరు ఆంధ్రప్రదేశ్ ప్రాచీన, చారిత్రక కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం. దీని కింద ప్రభుత్వం ఒక ఇంటిని రక్షిత కట్టడంగా ప్రకటించినా పట్టా మీ పేరు మీదే ఉంటుంది, మీరు అందులోనే కాపురం ఉండొచ్చు, మీ తర్వాత మీ పిల్లలకి వస్తుంది. మారేదల్లా ఒకటే, అనుమతి లేకుండా దాన్ని పడగొట్టడం గానీ, రూపం మార్చడం గానీ, పాడుచేయడం గానీ కుదరదు. యజమానితో ఒప్పందం రాసుకుని, నిర్వహణ ఎవరు చూడాలి, జనం చూడ్డానికి రావచ్చా, ఎప్పుడు రావచ్చు అన్నవి తేల్చుకునే దారి కూడా చట్టంలోనే ఉంది. కట్టడం నాశనమైపోయే ప్రమాదంలో ఉందని తేలితే ప్రభుత్వం పరిహారం ఇచ్చి సేకరించవచ్చు, అది నిజమే, కానీ అది చివరి మెట్టు, అదీ డబ్బు ఇచ్చే తీసుకోవాలి.

మీ అసలు కష్టం దానికి తలకిందులుగా ఉంది. ప్రభుత్వం మీ ఇల్లు తీసేసుకుంటుందేమో అని మీరు భయపడుతున్నారు గానీ, మీ ఇంటిని రక్షిత జాబితాలో చేర్చమని బతిమాలినా చేర్చడం కష్టం. 1960లో ఈ చట్టం రాసినప్పుడు దృష్టిలో ఉన్నవి గుళ్ళు, కోటలు, గుహలు, దిబ్బలు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటిని పురావస్తు శాఖ చూసుకుంటోందంటే అది ఆయన ఇల్లు కాబట్టి. మామూలు రైతు కుటుంబం కట్టుకున్న మండువా ఇల్లు ఎంత అందంగా ఉన్నా ఆ కోవలోకి రావడం అరుదు. నన్నడిగితే ఈ చట్టంలో పెద్ద లోటు ఇదే. కోనసీమ చరిత్ర శాసనాల్లో ఎంత ఉందో ఈ ఇళ్ళలోనూ అంత ఉంది. నాలుగు వైపుల నుంచి లోపలికి వాలే పెంకుల కప్పు, వాన నీళ్ళు మండువాలో పడి తూములోంచి బయటికి పోయే ఏర్పాటు, ఎండాకాలం మధ్యాహ్నం కూడా చావిట్లో చల్లగా ఉండడం, ఇవన్నీ ఈ నేలకీ ఈ వానలకీ తగ్గట్టు మన వడ్రంగులూ తాపీ మేస్త్రీలూ తరాల తరబడి నేర్చుకున్న పని. ఒక్కసారి పడగొడితే మళ్ళీ కట్టగలిగే చేతులు కూడా లేవు.

నగరాల్లో అయితే ఇంకో రకం రక్షణ ఉండొచ్చు. హైదరాబాదులో 1995లో పట్టణాభివృద్ధి నిబంధనల్లోనే వారసత్వ భవనాల జాబితా పెట్టారు, అందులో ప్రైవేటు భవనాలు కూడా ఉండేవి. తెలంగాణ వచ్చాక ఆ నిబంధన 2015లో తీసేశారు, 2017లో విడిగా వారసత్వ చట్టం చేశారు. ఈ మార్పుల తర్వాతే అక్కడి పాత ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి శాసనసభ కడదామని 2019లో మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది, ప్రజలు కోర్టుకి వెళ్ళారు, అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అది పక్క రాష్ట్రం సంగతే అయినా మనకి పనికొచ్చే సంగతి: జాబితాలోంచి తీసేశాం కదా అని ప్రభుత్వం కూడా ఇష్టం వచ్చినట్టు కూల్చడానికి లేదని కోర్టు చెప్పింది. మన పల్లెటూరి లోగిళ్ళకి కూడా అలాంటి జాబితా రావాలి, పంచాయతీ స్థాయి నుంచే రావాలి. ఇది అడగాల్సింది మనమే.

ఇక మీ చేతిలో ఉన్నవి చెబుతాను. పంపకాలు కాలేదన్నారు కాబట్టి మీ సంతకం లేకుండా ఆ ఇల్లు పడగొట్టే హక్కు తమ్ముళ్ళకి లేదు. అక్కచెల్లెళ్ళు ఉంటే హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత వాళ్ళకీ సమాన వాటా ఉంది, వాళ్ళని కూడా కూర్చోబెట్టండి, ఇల్లు నిలబెడదామనేది చాలాసార్లు వాళ్ళే. ఇంటిని ఒకరి వాటాకి వేసి, మిగతావాళ్ళకి విలువ కట్టి పొలం గానీ డబ్బు గానీ ఇచ్చేలా పంపకాల దస్తావేజు రాసుకుని రిజిస్టరు చేయించుకోవచ్చు. తమ్ముళ్ళలో ఎవరైనా కోపంతో తన వాటాని బయటివాళ్ళకి అమ్మేసి, ఆ కొన్నవాడు పంపకానికి కోర్టుకెక్కితే, ఆ వాటాని విలువ కట్టించి కొనుక్కునే హక్కు 1893 నాటి విభజన చట్టం నాలుగో సెక్షన్ కుటుంబ సభ్యులకి ఇస్తోంది. ఇది చాలామందికి తెలియదు.

ఆ బేరగాళ్ళ గురించి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇంటి నుంచి విడదీసిన చెక్కడపు గుమ్మం కూడా పురావస్తువే అవుతుంది. అలాంటివి కొని అమ్మే వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. ప్రైవేటు మనిషి వాటిని దేశం దాటించడం పూర్తిగా నేరం. ఈసారి వస్తే ముందు లైసెన్సు చూపించమనండి, మాట అక్కడితో ఆగిపోవచ్చు.

ఒక జాగ్రత్త కూడా. ఇల్లు నిలబెట్టుకున్నాక గోడలకి సిమెంటు పూయించకండి. మీ గోడలు ఇటుకా గుల్ల సున్నమూ కలిపి కట్టినవి, నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నంలోంచి మెల్లగా ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది, మన డెల్టా నీళ్ళలో ఉప్పు ఉంటుంది కాబట్టి అది ఇటుకలో పేరుకుని ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. అడుగు గోడ దగ్గర సిమెంటు పెచ్చు తీసి చూస్తే చేతికి ఎర్రటి పొడి అంటుకుంటుందే, అదే. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టమే గానీ వెతకండి, ఖర్చు ఎక్కువైనా వెతకండి.

ప్రశ్న: మా ఊరి శివాలయం చాలా పాతది. ముఖమండపం స్తంభం మీద పాత తెలుగు అక్షరాలతో శాసనం ఉంది, ఎవరూ చదివినట్టు లేదు. ఇప్పుడు పుష్కరాల పేరు చెప్పి కమిటీవాళ్ళు స్తంభాలకి ఇసుక కొట్టించి శుభ్రం చేసి ఎనామిల్ రంగు వేస్తామంటున్నారు, గోడలకి గ్రానైట్ పలకలు పెడతారట. అడ్డం చెబితే దేవుడి పనికి అడ్డం పడుతున్నావంటున్నారు. చట్టం నా పక్షాన ఉందా? – డిగ్రీ విద్యార్థిని, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు చేయాల్సిన పని చట్టం కంటే తొందరగా చేయాల్సింది ఉంది. ఆ శాసనాన్ని ఈ వారమే ఫోటోలు తీయండి. మధ్యాహ్నం ఎండలో తీస్తే అక్షరాలు కనపడవు. సాయంత్రం చీకటి పడ్డాక టార్చిలైటు స్తంభానికి ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే, చెక్కిన ప్రతి గీతలోనూ నీడ పడి అక్షరాలు లేచి నిలబడతాయి. కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి వెలుతురు వేసి, నాలుగైదు వరుసలకి ఒకటి చొప్పున తీయండి, పక్కన స్కేలు పెట్టండి. పసుపు రాయడం, సుద్ద పులమడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం వద్దు. స్తంభం నాలుగు ముఖాలూ చూడండి, శాసనం పక్క ముఖంలోకి సాగి ఉండొచ్చు.

ఆ ఫోటోలు రాష్ట్ర పురావస్తు శాఖకీ, భారత పురావస్తు సర్వేక్షణ వాళ్ళ మైసూరులోని శాసన విభాగానికీ పంపండి. వాళ్ళు వచ్చి తడి కాగితం రాతి మీద పరిచి బ్రష్షుతో మెత్తగా కొట్టి సిరా అద్ది అచ్చు తీస్తారు, అప్పుడు అరిగిన అక్షరాలు కూడా చాలావరకు కాగితం మీదికి వస్తాయి. మన ద్రాక్షారామంలో వందల శాసనాలు అలాగే అచ్చుతీసి ప్రకటించారు. వాటిలో ఎక్కువ భాగం ఏమిటనుకున్నారు? స్వామివారి అఖండ దీపానికి నెయ్యి కోసం ఆవుల్నీ గొర్రెల్నీ ఇచ్చినవాళ్ళ వివరాలు. రాణులూ ఉన్నారు, సేనానులూ ఉన్నారు, వర్తకులూ ఉన్నారు. మీ ఊరి స్తంభం మీద ఉన్నది కూడా అలా ఒక భక్తుడి మొక్కే అయ్యుండొచ్చు. ఈ మాట కమిటీవాళ్ళకి చెప్పండి. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి భక్తుడి పేరు చెరిపి ఇప్పటి దాత పేరు గ్రానైట్ మీద చెక్కించడం దేవుడి పని ఎలా అవుతుంది?

ఇసుక కొట్టించడం అనేది చాలా ఘోరమైన పని, ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. గాలి ఒత్తిడితో ఇసుకని రాతి మీద కొడితే మురికితో పాటు రాతి పైపొర కూడా లేచిపోతుంది. శాసనాల్లో అక్షరం లోతు చాలాచోట్ల వడ్లగింజంత కూడా ఉండదు. ఒక్క పూటలో మొత్తం పోతుంది, ఆ తర్వాత ఏ పండితుడూ దాన్ని చదవలేడు. మురికికి మెత్తని కుంచె, మంచినీళ్ళు, ఓపిక చాలు. పాత సున్నపు పూతలు తీయాలంటే రసాయనాలు తెలిసినవాళ్ళనే పిలవాలి.

ఇక చట్టం. గుడి ఇప్పటికే కేంద్ర, రాష్ట్ర జాబితాల్లో దేనిలోనైనా ఉంటే, అనుమతి లేకుండా మేకు కూడా కొట్టకూడదు, కమిటీకి ఆ హక్కే లేదు. జాబితాలో లేకపోయినా దేవాదాయ శాఖ కింద ఉంటే 1987 నాటి దేవాదాయ చట్టం వర్తిస్తుంది, కమిటీ తనంతట తాను నిర్మాణం పనులు చేయడానికి లేదు. కార్యనిర్వహణాధికారికీ, జిల్లా సహాయ కమిషనరుకీ రాతపూర్వకంగా ఇచ్చి, పురావస్తు శాఖ అభిప్రాయం వచ్చేదాకా పని ఆపమని అడగండి, రసీదు తీసుకోండి. ఆ రెండూ కాని ఊరుమ్మడి గుడి అయితే చట్టం పట్టు తక్కువ, పెద్దల్ని ఒప్పించుకోవాలి. అయితే శాసనం ఒక్కటే ఉన్నా దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించే వీలు 1960 చట్టంలో ఉంది, గుడి మొత్తం పాతది కానక్కర్లేదు. మీరు రాసే ఉత్తరంలో ఆ సంగతి తప్పకుండా రాయండి.

ప్రశ్న: చేపల చెరువు తవ్విస్తుంటే పొక్లెయిన్ బకెట్‌లో ఒక రాతి విగ్రహం వచ్చిందండి, ఒక చెయ్యి విరిగి ఉంది. దాని కిందే మూరెడు పొడుగు ఇటుకలు వరసగా కనిపించాయి. డ్రైవరు ఎవరికీ చెప్పొద్దంటాడు, చెబితే చెరువు ఆగిపోతుందంటాడు. విగ్రహం చెట్టు కింద పెట్టాం, అప్పుడే పసుపు కుంకుమలు పడుతున్నాయి. ఏం చేయమంటారు? – రైతు, మామిడికుదురు మండలం

జవాబు: చెప్పండి, ఇవాళే చెప్పండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి, దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా కూడా పడొచ్చు. మీరు తహసీల్దారు ఆఫీసులో కాగితం ఇస్తే కలెక్టరుకి వెళ్తుంది. డ్రైవరు చెప్పనిది ఏమిటంటే చెబితే లాభం కూడా ఉంది: హక్కుదారు ఎవరూ తేలకపోతే దొరికిన వస్తువులో నాలుగింట మూడు వంతులు కనిపెట్టినవాడికీ, ఒక వంతు స్థలం యజమానికీ చట్టమే ఇస్తోంది. ప్రభుత్వం తనకి కావాలనుకుంటే విలువ కట్టి, ఆ పైన ఐదో వంతు కలిపి ఇచ్చి తీసుకుంటుంది. చెప్పకుండా దాచినవాడికి ఈ వాటా కూడా పోతుంది.

నాకు విగ్రహం కంటే ఆ ఇటుకల వరస మీదే ఎక్కువ ఆత్రం ఉంది. మూరెడు ఇటుకలు ఇప్పటివి కావు, శాతవాహనుల కాలం నుంచీ ఆ తర్వాతా వాడిన కొలతలు అవి. మీ మండలంలోనే వైనతేయ ఒడ్డున ఆదుర్రులో 1953లో తవ్వితే ఇటుకల బౌద్ధ స్తూపం బయటపడింది. సముద్రానికి అంత దగ్గరలో, నదీపాయ పక్కన, ఒకప్పుడు ఓడల రాకపోకలు ఉన్న చోట అది ఉంది. అలాంటి ప్రాంతంలో మీ చెరువులో ఇటుకల వరస కనిపిస్తే అది గోడ కావొచ్చు, బావి అంచు కావొచ్చు, మెట్లు కావొచ్చు. పొక్లెయిన్ ఇంకొక్క గంట నడిస్తే ఏదీ తెలియకుండా పోతుంది. ఆ మూల తవ్వకం ఆపి, మిగతా చెరువు పని కావాలంటే చేసుకోండి. విగ్రహం ఎంత లోతులో ఏ దిక్కున దొరికిందో కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకోండి. కడగొద్దు, నూనె రాయొద్దు. పూజలు ఊపందుకోకముందే కబురు వెళ్ళడం మంచిది, గుడిసె వేసి హారతి మొదలయ్యాక విగ్రహాన్ని మ్యూజియానికి తరలించడం అధికారుల వల్ల కూడా కాదు, ఊళ్ళో గొడవ మీ మెడకి చుట్టుకుంటుంది.

భూమి పోతుందన్న భయం చాలామందిది. విగ్రహం దొరికినంత మాత్రాన భూమి పోదు. అక్కడ పెద్ద స్థలం ఉందని తేలి ప్రభుత్వం తీసుకోదలిస్తే నోటీసు ఇవ్వాలి, పరిహారం ఇవ్వాలి.

ఈ సందర్భంలోనే ఒక మాట డెల్టా రైతులందరికీ. పాటిదిబ్బల మన్ను చేలకి ఎరువుగా తోలుకోవడం మన తాతల నాటి అలవాటు. ఆ మన్నుకి అంత బలం ఎక్కడిదంటే, అక్కడ వందల ఏళ్ళు మనుషులు కాపురాలు చేశారు, బూడిదా ఎముకలూ పేడా కలిసిన మన్ను అది. అంటే మనం బండికెత్తి తోలుతున్నది ఒక ఊరిని. పెంకులూ పూసలూ నాణేలూ దానిలోనే ఉంటాయి. జిల్లాలో ఎన్నో దిబ్బలు ఇలాగే చదునైపోయాయి. ఇప్పుడు ఎరువుల కొట్టు ఊరికొకటి ఉంది కదా, మిగిలిన దిబ్బల్నైనా వదిలేద్దాం.

ప్రశ్న: బిక్కవోలులో మా ఇల్లు పాత గుడికి దగ్గర్లో ఉంది. పైన అంతస్తు వేసుకుందామంటే కుదరదంటున్నారు. పంచాయతీవాళ్ళు ప్లాను ఇస్తామన్నా లాభం లేదట. ఇదెక్కడి న్యాయం? – ఒక గృహిణి

జవాబు: మీకు వర్తించేది రాష్ట్ర చట్టం కాదండి, కేంద్ర చట్టం. బిక్కవోలులోని తూర్పు చాళుక్యుల గుళ్ళు జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలు, వాటికి 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టమూ 2010లో దానికి చేసిన సవరణా వర్తిస్తాయి. రక్షిత హద్దు నుంచి నూరు మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం, కొత్త నిర్మాణం కుదరదు, పై అంతస్తు కూడా కొత్త నిర్మాణమే. ఆ నూరు దాటాక ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ అనుమతితో కట్టుకోవచ్చు. దూరం గుడి గోడ నుంచి లెక్కించరు, రక్షిత స్థలం హద్దు నుంచి లెక్కిస్తారు, అందుకని ముందు ఆ హద్దు ఎక్కడుందో సర్వే చేయించి తెలుసుకోండి, చాలామంది ఊహించుకున్న దూరాలు తప్పుతుంటాయి. నూరు మీటర్ల లోపల ఉన్నా, 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇల్లయితే మరమ్మతులకి అనుమతి అడగొచ్చు. పంచాయతీ ప్లాను దీనికి చాలదు. అనుమతి లేకుండా కడితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

మీ కష్టం నాకు అర్థమవుతుంది. పిల్లలు పెద్దవాళ్ళై ఇల్లు చాలకపోతే గుడి చరిత్ర ఎవరికి కావాలనిపిస్తుంది. గుడి పక్కనే తరాలుగా ఉంటున్న కుటుంబాలకి వేరే స్థలం చూపించడమో, ఇంకేదో సాయం చేయడమో ప్రభుత్వం బాధ్యతగా తీసుకోవాలి, ఆ నూరు మీటర్ల బరువంతా వాళ్ళ మీదే వేయడం సరికాదు. కానీ ఆ నిబంధన లేకపోతే గుడి చుట్టూ నాలుగంతస్తులు లేచేవి, పునాదుల తవ్వకాలకీ మురుగునీటికీ పాత పునాది కుంగిపోయేది.

ప్రశ్న: ధవళేశ్వరం ఆనకట్ట, పి.గన్నవరం పాత అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన), రాజమండ్రి పాత రైలు వంతెన కూడా చారిత్రక కట్టడాలే కదా, వాటికి చట్టం రక్షణ ఉంటుందా? – ఇంజనీరింగ్ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: ఉండొచ్చు, ప్రభుత్వం ప్రకటిస్తే. చట్టంలో కట్టడం అంటే గుడీ కోటా అనే లేదు, చరిత్రకి సంబంధించిన ఏ నిర్మాణమైనా రావచ్చు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ముగించిన ఆనకట్ట డెల్టా బతుకునే మార్చింది, గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన అక్విడక్టు లేకపోతే లంకలకి నీళ్ళే లేవు, వీణెం వీరన్న లాంటి మనవాళ్ళ కష్టం ఆ పనుల్లో ఉంది. కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకున్నాం, పాతది పక్కనే ఉంది. 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిన హేవలాక్ వంతెన సంగతి మీ ఊరివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కాటన్ బ్యారేజీకి 2022లో ప్రపంచ వారసత్వ సాగునీటి నిర్మాణంగా గుర్తింపు వచ్చింది, సంతోషమే, కానీ అది గౌరవం మాత్రమే, చట్టం కాదు. మీరు ఇంజనీరింగ్ చదువుతున్నారు కాబట్టి ఒక పని చేయండి, మీ కాలేజీ ప్రాజెక్టుగా కాలువల మీది పాత లాకుల కొలతలు తీసి డ్రాయింగులు గీయండి. లాకుల తలుపులూ రాతిపనీ ఏటా మారిపోతున్నాయి, ఆ డ్రాయింగులు తర్వాత ఏ దరఖాస్తుకైనా పునాది అవుతాయి.

ప్రశ్న: యానాంలో పాత ఫ్రెంచి కాలం ఇళ్ళకి కూడా ఇదే చట్టమా?

జవాబు: కాదు. యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి మన 1960 చట్టం అక్కడ చెల్లదు, అక్కడి పరిపాలనాధికారిని అడగండి. కేంద్ర చట్టాలు మాత్రం అక్కడా వర్తిస్తాయి.

ప్రశ్న: కాలువ గట్టున మా ఊరి సత్రం ఉంది. పడవల రోజుల్లో రేవులో దిగినవాళ్ళు రాత్రి ఇక్కడే తిని పడుకునేవారని పెద్దలు చెబుతారు. ఇప్పుడు కప్పు సగం కూలింది, పంచాయతీ దాన్ని తీసేసి షాపులు కడతానంటోంది. జాబితాలో చేర్పించాలంటే ఎవరికి, ఏమని రాయాలి? – యువజన సంఘం సభ్యులు, కాకినాడ జిల్లా

జవాబు: పాతదైతే చాలు చట్టం దానంతటదే కాపాడుతుందని చాలామంది అనుకుంటున్నారు, అందుకే మీ ప్రశ్న నాకు బాగా నచ్చింది. నూరేళ్ళైనా వెయ్యేళ్ళైనా గెజిట్‌లో పేరు ఎక్కేదాకా ఈ చట్టం దృష్టిలో అది మామూలు గోడే. ఎక్కించమని ఎవరో ఒకరు అడగాలి.

ముందు ఆ సత్రం ఎవరిదో తేల్చండి. సర్వే నంబరు, రెవెన్యూ రికార్డులో అది ఎలా నమోదైంది, ఎవరైనా దాత ధర్మంగా రాసిచ్చిందా, అన్నవి తహసీల్దారు ఆఫీసులో దొరుకుతాయి, ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ధర్మసత్రంగా రాసిచ్చినదైతే అది దేవాదాయ చట్టం కిందికి వచ్చే అవకాశం ఉంది, అప్పుడు పంచాయతీకి దాన్ని కూల్చే హక్కే ఉండకపోవచ్చు, మీ పని సగం అక్కడే అయిపోతుంది.

దరఖాస్తు రాష్ట్ర పురావస్తు, మ్యూజియంల శాఖ కమిషనరుకి రాయండి, నకలు కలెక్టరుకి. ఉద్వేగంగా పేజీలు నింపొద్దు. ఎక్కడుంది, కొలతలెంత, దేనితో కట్టారు, ఎవరు కట్టించారు, ఏ ఆధారం, ఇప్పుడు ఏం ప్రమాదం ఉంది, ఇంతే. దూలం మీద గానీ గుమ్మం మీద గానీ సంవత్సరం చెక్కి ఉందేమో చూడండి, అలాంటి ఒక్క ఫోటో పది పేజీల వర్ణన కంటే గట్టిది. పెద్దవాళ్ళు చెప్పే సంగతులు వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసి, రాసి, సంతకాలు పెట్టించండి. గ్రామసభలో తీర్మానం చేయించగలిగితే ఇంకా మంచిది, పంచాయతీనే అడ్డం ఉంది కాబట్టి అది కష్టమే, అయినా గ్రామసభలో ఓటర్లందరూ కూర్చోవచ్చు, సర్పంచి ఒక్కరిదే కాదు మాట.

శాఖ ఒప్పుకుంటే ప్రభుత్వం ముందు ఉద్దేశ ప్రకటన గెజిట్‌లో వేసి, దాని ప్రతిని కట్టడం దగ్గర అంటిస్తుంది. అభ్యంతరాలకి రెండు నెలలు గడువు. ఆ తర్వాతే తుది ప్రకటన. ఈ లోపల కూల్చే ప్రయత్నం జరిగితే హైకోర్టులో రిట్ వేయొచ్చు. మన సమ్మిళిత సంస్కృతి వారసత్వాన్ని కాపాడడం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది, మీ పిటిషనులో దాన్ని చూపించుకోండి.

మరి ఆ సగం కూలిన కప్పు మాట? జాబితాలో చేరేసరికి ఎన్ని వానాకాలాలు పోతాయో. పంచాయతీని ఒప్పించి, పడిపోయిన చోట టార్పాలిన్ కట్టండి, గోడల్లో మొలిచిన రావి మొక్కల్ని పీకేయండి, పీకేటప్పుడు వేరుతో పాటు ఇటుకలు ఊడకుండా ముందు మొదట్లో కొట్టి ఎండనివ్వండి. పడిన పెంకుల్నీ వాసాల్నీ అమ్మనివ్వకుండా లోపలే పేర్చి పెట్టండి. రేపు మరమ్మతు చేసేవాళ్ళకి కొలత కావాలంటే అవే కావాలి.